లేవని దీపం

మా బావ కుదురుగా కూర్చోగా నేను ఒక్కసారే చూశాను. ఆయన అనకాపల్లి బెల్లం షావుకారుగారి డ్రైవరు. ఆయన నడిపే, ఓడమీద వచ్చిన సీమకారు ముందు దీపాలు మడ్‌గార్డుల్లో దాక్కునేవి. లోపల పిడి తిప్పితే కళ్లు తెరిచినట్టు లేచేవి.

అక్కకి నొప్పులొచ్చిన సాయంత్రం, అవసరమైతే విశాఖపట్నం తీసుకెళ్దామని కారు తెచ్చాడు. ఎడమ దీపం లేవలేదు. షావుకారు ఆ కారులో మోయించే బెల్లం కారి, దీపాన్ని లేపే పళ్లచక్రంలో గడ్డకట్టింది. బావ వేడినీళ్లు పోస్తాడు, పిడి తిప్పుతాడు, గుమ్మం దాకా పరిగెత్తుకొస్తాడు.

"ఏటైందే పిల్లా?"

"ఇంకా కాలేదు బావా. నీ దీపాలో?"

"ఒకటే తెరుసుకుంది."

చీకటి పడుతుండగా లోపల పసిఏడుపు వినిపించింది. బిడ్డని బావ చేతుల్లో పెడితే ఆడో మగో అడగలేదు. ఆ మూసిన కళ్లకేసే చూస్తూ నిలబడ్డాడు.

"రెండూ తెరుసుకున్నాయే!" అంటూ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.