ఎడమ సీట్లో నాన్న

మా వీధిలో నా బండి గురించి రెండు అభిప్రాయాలున్నాయి. నేను ఇళ్లు కట్టించే కాంట్రాక్టు పట్టానన్నది ఒకటి. నాకు మతి చెడిందన్నది రెండోది. నిజానికి నేనొక పికప్ ట్రక్కు కొన్నాను, అంతే. ముందు నాలుగు తలుపుల కారు, వెనక మూత లేని తొట్టె, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు. అది కొండలెక్కుతుంది, బురద దాటుతుంది, రాళ్ల మీద నడుస్తుంది. నేను మాత్రం దాన్ని టాటానగర్ ఊళ్లోనే, కాసిడీహ్‌లోని మా ఇంటి నుంచి ఉక్కు ప్లాంటుకీ, ప్లాంటు నుంచి సాక్చి బజారుకీ నడుపుతాను.

ఎందుకు కొన్నావని అడిగిన ప్రతివాళ్లకీ ఒక్కో కారణం చెప్పాను. అసలు సంగతి, ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చిన్నప్పటి నుంచీ నాకు అదో జబ్బు. ఏ వస్తువునైనా దాని పని కాని పనిలో పెడితే ఏమవుతుందో చూడాలి. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ఉక్కు ముక్కల్ని లాగి, వంచి, విరిచి, ఎక్కడ విరిగాయో ఎందుకు విరిగాయో చూడటం. మా ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ ఈ బండి అమ్ముతానంటే, కొండల కోసం చేసిన బండి కూరగాయలకి ఎలా పనికొస్తుందా అని రాత్రంతా ఆలోచించాను. "చూడాలనుకుంటే ఒకసారి నడిపి ఇచ్చెయ్యొచ్చుగా, కొనడం ఎందుకు?" అన్నాడు మా ఆయన. ఒకసారి నడిపితే ఏం తెలుస్తుంది?

రోజూ నడిపితే చాలా తెలిసింది. తొట్టె ఖాళీగా ఉంటే వెనక భాగం ప్రతి గతుకుకీ ఎగిరి పడుతుందనీ, రెండు ఇసుక బస్తాలు వేస్తే బుద్ధిగా నడుస్తుందనీ తెలిసింది. మా సందు మలుపులో ఏ కారైనా ఒక్క తిప్పుతో తిరిగే చోట నేను ముందుకీ వెనక్కీ మూడు సార్లు ఊగాలని తెలిసింది. మూత లేని తొట్టె కనిపిస్తే మనుషుల చేతులు ఊరుకోవని కూడా తెలిసింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టీ కప్పులు, చెరకు పిప్పి, చిరిగిన గొడుగు అందులో వేసిపోయేవారు. ఒకరోజు ఇంటికొచ్చి చూస్తే వాడిపోని కొత్తిమీర కట్ట ఒకటి ఉంది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు, పచ్చడి మాత్రం బాగా కుదిరింది.

సాక్చిలో అయితే అందరికీ అది కిరాయి బండే. ఒకావిడ ఇనప బీరువా పక్కన నిలబడి, "దీదీ, మానగో జాయేగా క్యా?" అని అడిగింది. బండి మానగో వస్తుందా అని. మానగో నది అవతల. నాకు అటు పనేమీ లేదు. అయినా బీరువా ఎక్కితే బండి నడక ఎలా మారుతుందో చూద్దామని ఎక్కించుకుని వెళ్లి దింపి వచ్చాను. కిరాయి వద్దన్నందుకు ఆవిడకి నా మీద అనుమానమొచ్చి, బీరువా అద్దం రెండుసార్లు తడిమి చూసుకుంది.

ఆ రోజుల్లోనే అమ్మ ఫోన్ చేసింది. అమ్మా నాన్నా అదే ఊళ్లో, భాలుబాసాలో ఉంటారు. నాన్న టాటానగర్‌లో డీజిల్ ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ పోయినా స్కూటర్ మాత్రం వదల్లేదు.

"మీ నాన్న సాయంత్రం పూట స్కూటర్ తీత్తన్నాడు," అంది అమ్మ గొంతు తగ్గించి. "ఎదర ఆటో వత్తంటే మీదకొచ్చీదాకా సూడ్డం నేదు. నిన్న ఎనకాల నేనే ఉన్నాను. పేణం పోయిందనుకో. కళ్లు సూపించుకోమంటే ఒంటికాలి మీద లేత్తన్నాడు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి."

వెళ్లి అడిగితే నాన్న నవ్వేశాడు. "నాకేటయింది? అరమైలు అవతల సిగ్నల్ సూసినోణ్ని. మీ అమ్మకి బయమెక్కువ," అన్నాడు. ఆ నవ్వు చూసి నేను కూడా సగం నమ్మాను. ముందు స్కూటర్ మీద నుంచి దించితే చాలు, కళ్ల సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. కారులో ఎక్కమంటే ఎప్పుడూ ఎక్కేవాడు కాదు. నేలబారుగా కూచుంటే చాపేసుకుని పోతున్నట్టుంటుందని ఆయన ఫిర్యాదు. అందుకని ట్రక్కు తీసుకెళ్లి ఇంటి ముందు పెట్టాను.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలు కాలితో తన్ని చూశాడు. ముందున్న పొడవాటి బానెట్ మీద అరచేయి ఆనించాడు.

"లాంగ్ హుడ్డే ఇది," అన్నాడు. "ముక్కు కింద ఏటున్నాదో కనపడదు గదా నీకు?"

"కనపడదు నాన్నా."

"మాకూ అంతే. పొడుగు ముక్కు ముందుకెట్టి నడిపినప్పుడు పట్టాలు దూరంగానే కనపడేవి." ఆ మాటంటూనే పైనున్న పట్టీ పట్టుకుని, సీటు వైపు ముఖం పెట్టి, ఇంజన్ ఎక్కినట్టు ఎక్కేశాడు. దిగేటప్పుడు కూడా అంతే, బండి వైపు తిరిగి వెనక్కి దిగాడు. పన్నెండో క్లాసు చదివే మా అమ్మాయి ఇప్పటికీ ఆ బండిలోంచి గెంతుతుంది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు.

అప్పట్నుంచీ నేను ప్లాంటు నుంచి వస్తూ ఆయన్ని ఎక్కించుకుని సాక్చి తీసుకెళ్లేదాన్ని. ఆయన ఎడమ సీట్లో వెన్ను నిటారుగా పెట్టి కూచునేవాడు. మొదటి రోజే పెద్ద కూడలి దగ్గర చెయ్యెత్తి, "సిగ్నల్ రెడ్!" అని అరిచాడు. నేను ఉలిక్కిపడి బ్రేకు తొక్కాను.

"అలా ఊరుకోకూడదు. తిరిగి సెప్పాల," అన్నాడు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనపడగానే ఒకరు పైకి చెప్పాలి, రెండోవాడు చూసి తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా ఒకే మాట వస్తేనే అది సిగ్నల్. ఉద్యోగమంతా అలా అరిచి అరిచి ఆయనకి అదొక శ్వాసలాంటిదైపోయింది.

"సిగ్నల్ రెడ్," అన్నాను.

"ఆఁ, అదీ." కాసేపటికి ముందు బండ్లు కదిలాయి. "సిగ్నల్ గ్రీన్!"

"సిగ్నల్ గ్రీన్."

నాకు ఎంత సరదా వేసిందో చెప్పలేను. బండి అద్దాలు మూసుకుని ఒక నడివయసు ఇంజనీరూ, ఒక రిటైరైన డ్రైవరూ సాక్చిలో అలా అరుచుకుంటూ తిరుగుతున్నారని ఎవరికీ తెలియదు. ఆయన ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అమ్మకే భయమెక్కువ కాబోలని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను.

అయితే నా జబ్బు నాకుంది కదా. కొన్నాళ్లకి ఒక తేడా కనిపించింది. మా ముందు బండ్లు ఉన్నప్పుడు నాన్న టక్కున చెప్పేవాడు. మేమే మొదటి వరుసలో ఉంటే మాత్రం ఆలస్యమయ్యేది. ఎందుకు? కావాలనే రెండు మూడుసార్లు మెల్లగా నడిపి, ముందున్నవాళ్లని పోనిచ్చి, గీత దగ్గర మొదటగా ఆగాను. లైటు పచ్చగా మారినా నాన్న నోరు విప్పలేదు. వెనక హారన్లు మోగాక, "గ్రీన్!" అన్నాడు.

ఆయన సిగ్నల్ చూడటం లేదు. ముందు బండ్ల ఎర్ర దీపాలు, పక్క ఆటోల కదలిక, వెనక హారన్లు, వీటన్నిటినీ కూడి లెక్క కట్టి చెప్తున్నాడు. ఆ తెలివికి నాకు ముచ్చటేసింది, వెంటనే భయమూ వేసింది. మర్నాడు వెనకనున్న టెంపోవాడికి తొందరెక్కువై, ఎర్ర లైటుండగానే హారన్ మోగించాడు.

"సిగ్నల్ గ్రీన్!" అన్నాడు నాన్న, చెయ్యి కూడా ఎత్తి.

నేను తిరిగి చెప్పలేదు. ఎదురుగా స్కూలు పిల్లల రిక్షా ఒకటి అడ్డంగా దాటుతోంది. ఆ క్షణంలో ఆయన నా పక్కన కాక స్కూటర్ మీద ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఎన్నాళ్లుగా మమ్మల్నందర్నీ మభ్యపెడుతున్నాడీయన!

"రెడ్ నాన్నా," అన్నాను. "అసలు నీకు ఆ స్తంభం కనపడతందా?"

ఆయన ముఖం గట్టిపడింది. ఇల్లు చేరాం. దిగబోతూ, "సరే, కళ్లు సూపిద్దాం పద," అన్నాడు. "చార్టు సదివేత్తే ఇంక నా కళ్ల ఊసెత్తకూడదు. నువ్వూ, మీ అమ్మా."

"చదవలేకపోతే?"

"స్కూటర్ తాళాలు నీకిచ్చేత్తాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని ఆశ్చర్యపోయాను. ఆయన గొంతులో భయం లేదు, అదే నాకు వింతగా తోచింది.

ఆ శనివారం పొద్దున కంటి ఆసుపత్రికి వెళ్లాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, దగ్గరగా గడ్డం గీసుకుని వచ్చాడు, పాతరోజుల్లో రైల్వే మెడికల్ పరీక్ష‌కి వెళ్లినట్టు. డాక్టరు చూసేముందు ఒక అమ్మాయి చూపు పరీక్షిస్తుంది. ఆ అమ్మాయి ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి, ఎడమ కంటికి నల్లటి అడ్డు పట్టి, గోడ మీద దీపం వెలిగే పాత చార్టు చూపించింది. "అంకుల్, ఊపర్ సే పఢియే," అంది, పైనుంచి చదవమని.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ," అన్నాడు. "ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ." ఆగకుండా, అడగకుండా, కిందికి దిగిపోయాడు. నేను కళ్లజోడుతో కూడా తడుముకునే వరుసలు గడగడా చదివేశాడు.

"అరే వాహ్ అంకుల్!" అంది ఆ అమ్మాయి.

నాన్న గొంతులో ఆ వరుస విన్నాక నాకు గుర్తొచ్చింది. ఆ పాట నాకు తెలుసు. రైల్వే క్వార్టర్సులో ఉన్నప్పుడు మెడికల్ దగ్గరపడుతోందంటే, నాన్న స్నానం చేస్తూ, అన్నం తింటూ, అమ్మ నాకు జడలేస్తుంటే పక్కన కూచుని ఇవే అక్షరాలు ఇదే వరుసలో గొణుక్కునేవాడు. మెడికల్ నుంచి వచ్చిన ప్రతి డ్రైవరునీ చుట్టుపక్కల డ్రైవర్లు చార్టు ఏమిటని అడిగేవారు. అప్పట్లో ఆయన చూపుకి ఏ లోపమూ లేదు. కానీ పక్క క్వార్టర్లో ఒకాయనకి కళ్లు ఆనలేదని బండి మీంచి దింపి షెడ్డులో కుర్చీ ఇచ్చారు. ఆ మనిషి రోజూ సాయంత్రం గుమ్మంలో కూచుని, పోయే గూడ్సుల చప్పుడు విని ఏ ఇంజనో చెప్తుండేవాడు. ఆయన్ని చూసి అందరూ చార్టు నోటికి పట్టారు. నాన్న అయితే దాన్ని ఇన్నేళ్లూ మరిచిపోకుండా దాచుకున్నాడు.

ఆ అమ్మాయి రెండో కన్ను వైపు అడ్డు మార్చబోతోంది. నాన్న నా వైపు తిరిగి, నేనెక్కడున్నానో సరిగా తెలియక కాస్త పక్కకి చూసి నవ్వాడు. గెలిచాను కదా అన్నట్టు. నేను నోరు మూసుకుంటే ఆయన ఇప్పుడే లేచి ఇంటికెళ్లి స్కూటర్ తీస్తాడు, ఇంకెవరి మాటా వినడు. నోరు విప్పితే పరాయి పిల్ల ముందు మా నాన్న పరువు పోతుంది. ఆయన్ని అలా చూడటం నాకు ఇష్టం లేదు. ఆ రిక్షాలో పిల్లలు గుర్తొచ్చారు.

"ఒక్క నిమిషం," అన్నాను ఆ అమ్మాయితో. లేచి వెళ్లి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. "నాన్నా, ఈసారి కిందనుంచి పైకి చదువు."

నవ్వు అలాగే ఉండి, మెల్లగా జారిపోయింది. నాన్న చార్టు వైపు తిరిగాడు. పెదాలు కదిలాయి. లోపల పైనుంచి మొదలుపెట్టి కిందికి వచ్చి, అక్కడి నుంచి వెనక్కి నడవాలని చూస్తున్నాడని నాకు అర్థమైంది. రెండుసార్లు మొదలుపెట్టాడు. చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. ఎందుకడిగానా అని నాకు ఏడుపొచ్చింది.

"కనపడ్డం నేదమ్మా," అన్నాడు చివరికి. "గోడ మీద తెల్లగా ఏదో ఉన్నాది. అంతే."

"అంకుల్ క్యా బోలే?" అంది తెలుగు రాని ఆ అమ్మాయి.

"నహీ దిఖ్ రహా హై," అన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద ముందు రాసింది కొట్టేసింది.

నాన్న నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఇప్పుడు దింపేత్తారేటమ్మా?"

ఆయన రిటైరై ఎన్నో ఏళ్లయింది. ఆ మాట నేను గుర్తు చెయ్యలేదు. "స్కూటర్ మీంచే నాన్నా," అన్నాను. "అదైనా, శుక్లాలే అయ్యుంటాయి, ఆపరేషన్ అయ్యీదాకానే. కళ్లొచ్చాక నువ్వే చూసుకో."

నాన్న ఆ అమ్మాయి చేతిలోని నల్లటి అడ్డు తడుముకుని అందుకుని, తనే కుడి కంటికి పెట్టుకున్నాడు.

"అయితే రెండోది కూడా సరిగ్గా సూడమను," అన్నాడు. "అది దీనికన్నా అద్వానం."