ఇద్దరి పేర్లున్న రైలు పాస్

తేదీ: 2009 మే 14, గురువారం. ఉదయం పదిన్నర. స్థలం: స్విట్జర్లాండ్‌లో ఒక పెద్ద రైల్వే స్టేషన్, టికెట్ల కౌంటరు.

హాజరైనవారు: నేను, మిర్యాలగూడ సత్తయ్య, కౌంటరు అవతల కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి (పేరు రాసుకోలేదు, అడిగే పరిస్థితి లేదు), ఆ అమ్మాయి పిలిస్తే వచ్చిన పెద్దాయన, ఆయన పిలిస్తే వచ్చిన ఇంకా పెద్దాయన, మా వెనక వరుసలో పదకొండు మంది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. సర్వీసంతా ఒక్క మెమో కూడా అందుకోకుండా గడిపిన మనిషి, ఒక్క పూటలో ఎంత నాశనం చేయగలడో ఇది చదివితే మీకే తెలుస్తుంది. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. ఇప్పటి వయసుతో చూస్తే కుర్రతనమే కాబట్టి, ఆ కుర్రవాణ్ణి మీరు క్షమించాలి.

ముందు నా సంగతి చెబుతాను. నేను సాగర్ ఎడమ కాలువ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. కాలువలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రోజూ రిజిస్టరులో ఎక్కించడం మా ఆఫీసు పని. ఆ అలవాటు కొద్దీ ఇంటికొచ్చాక నా రోజు ఎన్ని అడుగులుందో డైరీలో ఎక్కించేవాణ్ణి. చాలా రోజులు మోకాలి లోతు కూడా ఉండేది కాదు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక సూర్యాపేటలో రెండు గదుల ఇల్లు, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. ఎవరైనా వస్తే కూర్చోవడానికని రెండో కుర్చీ కూడా కొన్నాను. నాలుగేళ్లలో దాని మీద కూర్చున్నది పాత దినపత్రికలు మాత్రమే.

నాకున్న ఒకే ఒక వ్యసనం లామినేషన్. పింఛను కాగితం, ఓటరు కార్డు, రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్ రసీదు, చివరికి బీపీ చీటీ కూడా నా ఇంట్లో ప్లాస్టిక్ లోపలే ఉండేవి. బస్టాండు దగ్గర యూసుఫ్ భాయ్ జిరాక్స్ దుకాణానికి వారానికోసారి ఏదో ఒక కాగితం పట్టుకుని వెళ్లేవాణ్ణి.

"ఆయియే సార్. ఇంకేమన్నా మిగిలినయా ఇంట్ల?" అనేవాడు యూసుఫ్. "అన్నీ అయిపోతే చెప్పుండ్రి, మిషిన్ల మిమ్మల్నే పండబెడ్త. వందేండ్లు ఖరాబ్ గారు."

నిజం చెప్పాలంటే కాగితం ఒక సాకు. మిషను వేడెక్కడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ యూసుఫ్ నాతో మాట్లాడేవాడు. వారం మొత్తంలో నాతో ఎవరైనా పది నిమిషాలు మాట్లాడేది అప్పుడే.

ఇక సత్తయ్య. మా కాలువ మీద లష్కర్‌గా చేసేవాడు. అంటే కట్ట మీద రోజూ మైళ్లకొద్దీ నడిచి తూములు కాపలా కాసేవాడన్నమాట. వాళ్లది తరతరాలుగా గొర్ల మంద ఉన్న ఇల్లు. అన్నదమ్ములు ఇప్పటికీ మేపుతారు. నెలకోసారి నేను మిర్యాలగూడ వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చుని వచ్చేవాణ్ణి. ఒకసారి వెళ్లేసరికి రైసు మిల్లు వాళ్లిచ్చిన క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాడు. అందులో మంచు కొండలు, పచ్చిక, పచ్చిక మీద గొర్లు.

"సారూ, గీ గొర్లను సూడు. మనయి గడ్డి కోసం ఊర్లు తిరుగుతయ్. ఇవి గడ్డి మీదనే పండుకున్నయ్. గాడికి ఎట్ల పోతరు?"

"విమానంలో దిగి, అక్కడినుంచి రైల్లో."

"రైలైతే నాకు కొత్త గాదు, మా ఊర్ల ఉంది. నీకే కష్టం. మీ సూర్యాపేటల రైలు కూత గూడ ఇనపడదాయె."

మా ఊళ్లో రైలు లేని మాట నిజమే. రైలు లేని ఊరివాడు రైలు పాస్ కొనడానికి రైలు లేని ఇంకో ఊరికి వెళ్లాడు. అది కోదాడ. కాశీకి, షిర్డీకి బస్సులు వేసే ఒక ట్రావెల్స్ ఆయన హైదరాబాదు నుంచి తెప్పించి ఇస్తానన్నాడు.

"ఇద్దరూ కలిసి వెళ్తే ఒకటే పాస్ తీసుకోండి సార్, చవగ్గా వస్తుంది" అన్నాడు. "ఒకటే కాగితం, ఇద్దరి పేర్లు. కాకపోతే ఎప్పుడూ కలిసే ఎక్కాలండీ. ఒక్కళ్లే ఎక్కితే చెల్లదు."

"ఒక్కరే ఎక్కితే చెల్లదా?"

"అసలు చెల్లదండీ."

ఆ షరతు అంత బాగుంటుందని ఆయనకు తెలియదు. నేను మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను.

నెల తర్వాత పాస్ చేతికిస్తూ, "ఇది తడవకూడదు, చిరక్కూడదు, పోతే మళ్లీ ఇవ్వరు. కంటికి రెప్పలా చూసుకోండి సార్" అన్నాడు.

మీకు అర్థమైపోయింది కదా. నాకు కాలేదు. ఆ పాస్‌తో వచ్చిన షరతులు పదకొండు. అన్నీ తెలుగులోకి మార్చి, అంకెలు వేసి, డైరీలో ఎక్కించాను. మూడోది: మొదటి ప్రయాణానికి ముందు స్టేషన్లో ముద్ర వేయించుకోవాలి. నాలుగోది: ప్రయాణం చేసే తేదీలు గడుల్లో సిరాతో రాయాలి. తొమ్మిదోది: అట్ట నుంచి విడదీయరాదు. ఇవన్నీ నా గుండ్రటి చేతిరాతలో ఈనాటికీ ఉన్నాయి. ఆర్నెల్లు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టినవాడి గురించి విన్నారు. పదకొండు షరతులు వల్లెవేసి, పదో నాడు పిన్నులు జాగ్రత్తగా ఊడదీసి, పాస్‌ను అట్ట నుంచి వేరుచేసి యూసుఫ్ చేతికిచ్చిన వాణ్ణి ఇప్పుడు చూస్తున్నారు.

"సార్, ఇది చేయొచ్చా?" అని యూసుఫ్ అడిగాడు కూడా. "ఏందో గళ్లు గళ్లు ఉన్నయ్, ఏమన్నా రాసేదుంటదేమో."

"నువ్వు మిషను వేడి చెయ్యి" అన్నాను.

ఇప్పుడు మళ్లీ కౌంటరు దగ్గరికి రండి. కళ్లజోడు అమ్మాయి పాస్ తీసుకుంది. వేళ్లతో తడిమింది. దీపానికి అడ్డంగా పెట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"దీని మీద ఇదేమిటి?" అని అడిగింది ఇంగ్లీషులో.

"రక్షణ" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆమె ముద్ర తీసి గట్టిగా ఒత్తింది. సిరా కొత్త గొడుగు మీద చినుకుల్లా ఉండలు కట్టి ఒక మూలకు జారింది. బొటనవేలితో తుడిస్తే అదీ పోయింది.

"మీ పాస్‌పోర్టు నంబర్లు నేను ఇందులో రాయాలి. ఎక్కడ రాయను?"

"ఇదిగో, ఈ గడిలో."

"ఇది ప్లాస్టిక్."

"లోపల కాగితమేనమ్మా."

"లోపలికి ఎలా వెళ్లాలి?"

ఆ ప్రశ్నకు పదకొండు షరతుల్లో ఎక్కడా జవాబు లేదు.

"ఏమంటుంది సారూ ఆ పిల్ల?" అన్నాడు సత్తయ్య.

"లోపలికి ఎట్లా పోవాలని అడుగుతోంది."

"ఆమెకు తెల్వకపోతే మనకేం తెలుస్తది? ఇంకెవల్నన్న అడగమను."

ఆమె ఆ పనే చేసింది. పెద్దాయన వచ్చాడు. ఆయన ఇంకా పెద్దాయనను పిలిచాడు. ముగ్గురూ దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూశారు. చివరి పెద్దాయన ఎంతో మర్యాదగా చెప్పాడు: అట్ట నుంచి తీసిన పాస్ చెల్లదు, రూపం మార్చిన పాస్ చెల్లదు, ముద్ర లేని పాస్ చెల్లదు.

"తెలుసు" అన్నాను. "మూడు, తొమ్మిది నంబర్ల షరతులు."

"తెలిసే చేశారా?" అన్నాడాయన. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఇక మధ్యాహ్నం జరిగింది. హోటల్లో ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చాను. చొక్కా కోసమనుకుని నవ్వుతూ ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. నేను కాగితం కాల్చడానికే పట్టుకున్నాను. పాస్ మీద చేతిరుమాలు పరిచి, వేడికి ప్లాస్టిక్ మెత్తబడ్డాక ఒక అంచు పట్టి మెల్లగా లాగాను. వచ్చింది. చక్కగా వచ్చింది. అక్షరాలు, గళ్లు, పేర్లు అన్నీ ప్లాస్టిక్‌తోనే వచ్చేశాయి. నా చేతిలో మిగిలిన కాగితం ఇంకా అచ్చు వేయని శుభలేఖలా తెల్లగా ఉంది.

సత్తయ్య మంచం మీద కూర్చుని అంతా చూశాడు. వాళ్లావిడ కట్టిచ్చిన సకినాల మూట విప్పి, ఒకటి నాకు ఇచ్చి, ఒకటి తను కొరికాడు.

"సారూ, ఇంటికి పోదం. ఇమానం టికెట్ మార్పిద్దం. నాకు మనుమలు యాదికొస్తున్నరు. ఈ కొండలు గాడనే ఉంటయ్."

అతనికి అది తేలిక. మిర్యాలగూడలో బస్సు దిగితే తొమ్మిది మంది ఎదురొస్తారు. నేను ఆ ప్రయాణం కోసం ఏడాది ఎదురుచూసింది కొండలకు కాదు, గొర్లకు అసలే కాదు. పది రోజులు, రోజుకు రెండుసార్లు, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా అన్నం తినడానికి. అది ఆ ఇస్త్రీపెట్టె కింద ఆవిరైపోతోంది.

"ఎందుకు జేయించినవ్ సారూ? ఆ షరతులన్నీ నాకు సదివి ఇనిపించినోనివి నువ్వే గద."

"తడుస్తుందని."

"గదొక్కటే గాదు. నిజం చెప్పు."

"చిరుగుతుందని."

సత్తయ్య సకినం పక్కన పెట్టి నా వైపు చూస్తూ కూర్చున్నాడు. తూము దగ్గర నీళ్లు దొంగిలించిన రైతును చూసే చూపు అది. ఎంత సేపైనా చూస్తాడు.

"నా పేరు పక్కన ఇంకో పేరున్న కాగితం నాకెప్పుడూ రాలేదు సత్తయ్యా" అన్నాను. "రేషన్ కార్డులో నేనొక్కణ్ణే. పింఛను కాగితంలో వారసులన్న చోట గీత. ఇదొక్కటే ఇద్దరి పేర్లతో వచ్చింది. పాడవుతుందని భయమేసింది."

సత్తయ్య సకినాల మూట కట్టేసి, కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. అక్కడ ఎండాకాలంలో ఎనిమిదైనా పొద్దు పోదు. అంత వెలుగులో, ఒకే గదిలో, ఇద్దరం ఒంటరిగా పడుకున్నాం. ఒంటరిగా ఉండటం నాకు బాగా తెలిసిన పనే. ఇంకొకరు పక్కనుండగా చేయడం అదే మొదటిసారి.

మర్నాడు ఉదయం డైరీ ఇలా ఉంది. 6.10: సత్తయ్య మంచం మీద లేడు. 6.25: లేడు. 6.40: లేడు, చెప్పులూ లేవు. కాలువ గేజీ రాసినట్టు పావుగంటకోసారి రాశాను. 7.25 దాకా నీటిమట్టంలో మార్పు లేదు. ఒంటరిగా విమానాశ్రయం వెతుక్కుంటూ పోయాడని నాకు నిశ్చయమైపోయింది.

7.40కి తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో రెండు చిన్న టికెట్లు.

"ఎక్కడివి ఇవి?"

"టేషన్ల. ఆ కండ్లద్దాల పిల్లనే ఉండె."

"నీకు ఇంగ్లీషు రాదు కదా. ఏమని అడిగావు?"

"రెండు వేళ్లు సూపిన. కొండ సూపిన." చేత్తో గాలిలో కొండ గీశాడు. "సమజ్ గాలే. అప్పుడు గొర్రె లెక్క ఒర్రిన. ఎనక ఉన్నోళ్లందరు నవ్విన్రు గని, పిల్ల ఎంటనే టికెట్లిచ్చింది. తొమ్మిదికి రైలంట, చేతికున్న గడియారం సూపింది. లే, మొకం కడుక్కో."

టికెట్లు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఊరి పేరుంది, తేదీ ఉంది.

"వీటి మీద మన పేర్లు లేవు సత్తయ్యా."

"పేర్లెందుకు సారూ? ఎక్కేది మనమే గద" అని టికెట్లు నా చేతిలోంచి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "ఇయ్యి నాకాడ ఉంటయ్. నువ్వు ముట్టకు."

రైలు కదలగానే డైరీ తెరిచి ఇలా రాశాను: "సూర్యాపేట వాస్తవ్యుడనైన నేను, పెళ్లి పీటల మీద ప్రమాణం చేసే అవకాశం రాలేదు గనుక ఇదే నా మొదటి ప్రమాణంగా, ఈ రైలు సాక్షిగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇకమీదట ఎవరి ఏ కాగితాన్నీ, ఎంత ముద్దొచ్చినా, లామినేషన్ చేయించను."

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు ఎదుటి సీటులోంచి సత్తయ్య.

చదివి వినిపించాను.

"మంచిగుంది. ఇగ మూసెయ్" అని సకినాల మూట మా ఇద్దరి మధ్య విప్పాడు.

మూసేశాను. మే 15 పేజీలో అంతకు మించి ఒక్క అక్షరం లేదు.