ఉడికినా పోని చలువ

నార్కట్‌పల్లిలో రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఏసీ దుకాణంలో గడ్డకట్టించిన మక్క కంకులు అమ్ముతారు. సంచికి నాలుగు. వానకాలమంతా మా కట్టంగూర్ రోడ్డు పక్కన బొగ్గుల మీద మాడిన కంకి, ఎండాకాలం వచ్చేసరికి ఒళ్ళంతా మంచు కప్పుకొని అద్దాల పెట్టెలో దొరసానిలా పడుకొని ఉంటుంది. దాన్ని కొనేవాళ్ళను చూసి నవ్వుకునేదాన్ని. మొన్నటి ఎండాకాలం నేనే కొన్నాను. కొన్నది నా బిడ్డ కోసం.

బిడ్డకు తొలి కాన్పయి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ రెండు పూటలా అన్నం, ఎల్లిగడ్డ కారం. నీళ్ళు కూడా గొంతు తడిసేంతే. కాపలా మా అత్తది. అన్నీ తినాలని దవాఖానలో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని అత్త నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కిందికి తోసింది. చదువుకు మా ఇంట్లో దక్కిన గౌరవం అంత. పాలు చాలక పసిపాప ఏడిస్తే దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. తల్లి ఆకలితో ఉందన్న మాట చూడవచ్చిన వాళ్ళలో ఒక్కరి నోటా రాలేదు. బిడ్డ అడిగింది ఒక్కటే, ఉడికించిన మక్క కంకి.

నాకు తల్లి లేదు గనుక నా కాన్పు కూడా ఈ ఇంట్లోనే, ఈ అత్త చేతి మీదే జరిగింది. అప్పటికే నేను సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కుతున్నదాన్ని. ఇంటికొచ్చి ఇరవై ఒక్క రోజులు ఎల్లిగడ్డ కారం తలవంచుకొని మింగాను. అత్త అజ్ఞానాన్ని క్షమించగలను. నా ఆ మింగుడును ఇప్పటికీ క్షమించలేను. అందుకే ఈసారి బిడ్డ తినాల్సిందే అనుకున్నాను.

మంచు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్ళలో వేయాలని సంచి మీద రాసి ఉంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి సంచి చించానో లేదో అత్త వచ్చింది. ఒక కంకిని ముట్టుకుని, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంత చలువ బాలింతకు పెడితే పాల వెంట పాపకు ఎక్కుతుందని, ఇద్దరూ చేతికి దక్కరని మొదలుపెట్టింది.

"మరిగే నీళ్లల్ల ఉడికినంక సలువ ఏడుంటది అత్తా?" అన్నాను.

"పీనుగుకు గూడ ఉడుకునీళ్లే పోస్తరు. లేసి కూసుంటదా?"

ఎన్నో చర్చల్లో నేను ఎదుర్కొన్న పండితులెవరికీ ఇంత సూటి మాట తట్టలేదు. అంత పదునైన బుర్రను ఆ ముసలిది ఎంత చెత్త మీద ఖర్చు పెడుతోందా అని ఒళ్ళు మండింది.

అత్త దగ్గర మందు కూడా ఉంది. చలువను సూర్యుడు గుంజుకుంటాడట. రెండు కంకులు లాక్కుపోయి వాకిట్లో బండ మీద ఎండబెట్టింది. మంచు కరిగి నీరు కారింది, నీళ్ళకు చీమలు వచ్చాయి. పొద్దు వాలేసరికి అవి ముసలివాళ్ళ చెంపల్లా సొట్టలు పడ్డాయి. అప్పుడు బొగ్గుల మీద పెట్టింది. పచ్చి కంకి అయితే గింజ చిటపటలాడుతుంది. ఇవి తడిసిన కట్టెల్లా సుయ్యిమన్నాయి.

"ఇన్నవా, సలువ ఎట్ల ఏడ్సుకుంట పోతాందో," అంది అత్త, గెలిచిన ముఖంతో.

ఏడ్చి ఏడ్చి అవి తోలుముక్కలయ్యాయి. చలువ ఇంకా పూర్తిగా దిగలేదని తీర్పు చెప్పి వాటిని మేకలకు వేసింది. మేకలు వాసన చూసి పక్కకు పోయాయి. ఆ వాకిట్లో ఇంగితమున్నది వాటికే అనిపించింది.

ఫ్రిజ్ మంచుగూట్లో దాచిన మిగతా రెంటిలో ఒకటి మరునాడు నేను వండాను. ఎసరు తెర్లుతుండగా, రాయిలా ఉన్న కంకిని అలాగే వేసి మూత పెట్టాను. మళ్ళీ మరిగి గింజ పచ్చగా మెరిసేదాకా ఆగి, దించేముందు ఉప్పు వేశాను. పళ్ళెంలో పెట్టుకుని వెళ్తే అత్త గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. నేను ఉపన్యాసం అందుకున్నాను. వేడి అంటే ఏమిటి, చలువ అంటే ఏమిటి, కడుపులోకి పోయాక ఏదయినా ఒంటి వేడికే వస్తుందని. అత్త ఆవులించింది. కంకి చల్లారుతోంది.

లోపలి నుంచి బిడ్డ లేచి వచ్చింది. పళ్ళెంలోని కంకిని రెండు ముక్కలుగా విరిచి, ఒకటి వాళ్ళ అవ్వ చేతిలో పెట్టింది.

"అవ్వా, ముందుగాల నువ్వు తిను. నీకు సలువ చేస్తె నేను ముట్ట."

అత్తకు మక్క కంకి అంటే ప్రాణమని ఊరంతా ఎరుగుదురు. ముందు పళ్ళు పోయాక కాల్చినది కొరకలేక మానుకుంది. ఈ గింజ మెత్తగా ఉంది. గోటితో ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది. తరువాత రెండు. వరుసగా ఒలుచుకుంటూ బెండు మిగిలేదాకా తలెత్తలేదు.

"ఉప్పు తక్కువైంది పిల్లా," అంది నాతో.

అప్పటికే బిడ్డ గడపలో ఆమె పక్కనే చతికిలపడి రెండో ముక్క తినేసింది. పదకొండు రోజుల తర్వాత ఆ ముఖంలో కొంచెం కళ కనిపించింది.

తెల్లారి పసిపాప రెండుసార్లు తుమ్మింది. నేను యుద్ధానికి సిద్ధమయ్యాను. అత్త తలుపు వంక చూసి, సందులోంచి గాలి తగిలిందని చెప్పి, అక్కడ గుడ్డ కుక్కింది. తరతరాల శాస్త్రం ఒక్క సగం కంకికి అమ్ముడుపోయింది. అంత చవక శాస్త్రానికి భయపడి నేను ఇరవై ఒక్క రోజులు కారం మింగాను.

గుడ్డ కుక్కడం అయ్యాక అత్త వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ వైపు చూస్తూ అడిగింది.

"ఇంకోటి ఉన్నది గద?"

నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి బిడ్డ అంది.

"ఉన్నది అవ్వా. అది నాది."