బాబాయి బిట్

మా బ్యాండ్‌లో మాండలిన్ వాయించే మా బాబాయి గత మంగళవారం ఉదయం పోయాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడట. అంతే. ప్రతి నెలా మా బ్యాండ్ కబుర్లు చదివే మీకు ఆయనెవరో తెలియదు. ఏళ్ళ తరబడి మీకు కబుర్లు రాస్తూ ఆయన గురించి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. మరిచిపోయి కాదు, కుళ్ళుతో.

బాబాయి రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండి అక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. మాండలిన్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చి, చేతుల జిడ్డు కిరసనాయిలుతో వదలగొట్టి, సబ్బుతో రెండుసార్లు కడిగి, వేళ్ళు వాసన చూసుకుని గానీ వాద్యం ముట్టేవాడు కాదు. తీగ మీటడానికి పాత సబ్బుపెట్టె మూత నుంచి కోసుకున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. వాయించే ముందు దానితో తీగను ఒక్కసారి మీటి చూసుకునేవాడు.

ఆర్కెస్ట్రాలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతాన్ని మేం బిట్ అంటాం. పాటంతా నాది, బిట్ బాబాయిది. ఒక ఏడాది ఊరి చివర లారీలు ఆగే టాటీబంధ్‌లో వినాయకుడి పందిరి దగ్గర ప్రోగ్రాం. ముందు వరసల్లో మన తెలుగువాళ్ళు, వెనక లారీ డ్రైవర్లు. నేను పల్లవి ప్రాణం పెట్టి పాడాను. ఎవరూ కదల్లేదు. బాబాయి బిట్ అందుకోగానే ఈలలు. అది అయ్యాక "అంకుల్, ఫిర్ సే" అని వెనక నుంచి కేకలు. బాబాయి మళ్ళీ వాయించాడు. మైకు పట్టుకుని కరెంటు స్తంభంలా నిలబడ్డాను. భాష రాని డ్రైవర్లకు నా పాట ఎక్కకపోవచ్చు, సరే. ముందు వరసల్లోని మనవాళ్ళకేమైందట?

ఆ తర్వాతి ప్రోగ్రాం నుంచి బిట్లు కోయడం మొదలుపెట్టాను. బిట్ సగంలో ఉండగా చెయ్యెత్తితే ఢోలక్ అతను చరణానికి వచ్చేసేవాడు. మొదటిసారి అలా చేసినప్పుడు బాబాయి తీగల మీద అరచెయ్యి వేసి ఆపేశాడు. దెబ్బలాడతాడని చూశాను. ఆడలేదు. తిరిగి వస్తూ, ప్రోగ్రాం పొడుగైపోతోంది బాబాయ్ అని నేనే అన్నాను.

"జనం నీ పాటకి కదరా వొస్తారు. నా బిట్‌దేటుంది, సగమైనా నడిచిపోద్ది" అన్నాడు.

ఆ మాటకు సిగ్గుపడాల్సింది. నాకు ఇంకా మండింది.

మీకు పెట్టిన వీడియోలు చూడండి. పల్లవి అవగానే చరణం అతుక్కుని ఉంటుంది, మధ్యలో మిగిలిన బిట్ కూడా కోసేసి పెట్టాను. వీడియో పెద్దదైతే ఎవరూ చూడరని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. కబుర్లలో మాత్రం నేను ఎన్నడూ కలవని సినిమా సంగీత దర్శకులను, గాయకులను పేజీలకు పేజీలు పొగిడాను. దూరంగా ఉన్నవాళ్ళను మెచ్చుకోవడం సులువు. వాళ్ళు మన పక్క కుర్చీలో కూర్చోరు.

బాబాయి అవన్నీ చదివేవాడు. సినిమా హాల్లో పాట వస్తే ఆయన కళ్ళు మూసుకుని వాద్యాలు లెక్కపెట్టే రకం. డబ్బులిచ్చి చీకట్లో కళ్ళు మూసుకోవడమేమిటని పిన్ని తిట్టేది. ఒకసారి నాతో, "సినిమా పాటల్లో వాయించినోళ్ళ గురించి కూడా రాయరా. ఆళ్ళ పేర్లు తెర మీద పడవు" అన్నాడు. తన గురించి రాయమని అలా అడుగుతున్నాడనుకుని, పంతానికి రాయలేదు. ఆయన నిజంగా వాళ్ళ కోసమే అడిగాడని ఇప్పుడు అనిపిస్తోంది.

దహనం రోజు తిల్దా నుంచి మా ఢోలక్ అతను వచ్చాడు. అక్కడ రైసు మిల్లులో పని అతనికి. కట్టెలు పేరుస్తుంటే నా పక్కన నిలబడి సన్నగా కూనిరాగం తీశాడు. అది నా పల్లవి కాదు, బాబాయి బిట్. శ్మశానంలో కూడా నా కడుపు మండింది. దాచుకోను.

ఆ బిట్ ఒకటైనా మీకు వినిపిద్దామని ఇంటికొచ్చి నా ఫోనంతా వెతికాను. కోయని వీడియో ఒక్కటీ లేదు. పిన్నిని అడిగితే బాబాయి ఫోను చేతిలో పెట్టింది. అందులో మా ప్రోగ్రాములు, రిహార్సళ్ళు వరసగా రికార్డయి ఉన్నాయి. ఆశగా నొక్కాను. నా పల్లవి వచ్చింది, ఆగిపోయింది. ఇంకోటి నొక్కాను. నా చరణం వచ్చింది, ఆగిపోయింది. అన్నీ అంతే. అన్నింట్లోనూ నేనే.

"వాయించడానికి రెండు చేతులూ కావాలి కదరా. నువ్వు పాడుతుంటే ఫోను నొక్కీవోరు, తన వంతు రాగానే ఆపీసీవోరు" అంది పిన్ని. "మీదీ ఉంచుకోవొచ్చు కదా అంటే, నాది నాకు తెలుసు, ఫోనులో జాగా దండగ, ఆడి గొంతుండాలి అనీవోరు."

అలా ఆయన వాయించింది ఎక్కడా మిగల్లేదు. నా పాట కోసం ఆయన వదిలేశాడు, నా పాట కోసమే నేను కోసేశాను. కొన్ని రికార్డింగుల చివర, ఆపేముందు, తీగను మీటి చూసుకున్న చప్పుడు ఒక్కటి వినబడుతుంది. మీకు ఇవ్వడానికి నా దగ్గరున్నది అదే.

నిన్న రిహార్సల్ పెట్టుకున్నాం. ఆయన కుర్చీ ఎవరూ తియ్యలేదు. నేను పల్లవి పాడి ఆగాను. ఢోలక్ అతను అలవాటు కొద్దీ నా చేతి వైపు చూశాడు. నేను చెయ్యెత్తలేదు. అతను తల దించుకుని, బిట్ ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఒక్కడే తాళం వేస్తూ కూర్చున్నాడు.