ఐలయ్య సోయి, అంజమ్మ కుర్చీ

మా ఆఫీసు గేటు దగ్గర గార్డులందరికీ కలిపి కుర్చీ ఒక్కటే ఉంటుంది. అది సూపర్‌వైజరుది. పన్నెండేళ్ళు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన ఐలయ్యకు ఆ కుర్చీ మీదే ప్రాణం. నాకూ ఉందనుకోండి, ఆశకేం తక్కువ! పాత సూపర్‌వైజరు మానేయగానే హెచ్‌ఆర్ ఉమాశ్రీ మేడం గార్డులందరికీ ఫారాలు పంచింది. ఎవరి గురించి వాళ్ళే రాసుకోవాలి. మొదటి ప్రశ్న, మీలో స్వీయ స్పృహకు అయిదుకు ఎన్ని మార్కులు అని.

"ఇదేందో సమజ్ కాలే మేడం," అన్నాడు ఐలయ్య.

"మనమేం చేస్తున్నామో, ఎలా ఉన్నామో మనకే తెలియడమండి."

"ఓ, సోయా! గట్ల చెప్పుండ్రి. సోయి లేదా అని మా అంజమ్మ నన్ను దినాం అడుగుతది."

మా భీమవరం వైపు ఒళ్ళు తెలియడం అంటాం. ఇక్కడ పొద్దున లేస్తే సోయే. ఫోను చూస్తూ గాజు తలుపును గుద్దుకున్నవాడికి సోయి లేదు. మెడలో కార్డు వేసుకుని కార్డు పోయిందని గోల చేసేవాడికీ లేదు. నాకు దండిగా ఉంది కాబట్టి అన్నింటికీ అయిదేసి వేసుకున్నాను.

ఐలయ్య నిజాయితీ మనిషి, ఖర్మ! "నాకు సోయి ఉన్నదో లేదో నాకెట్ల ఎరుక?" అంటూ ఫారం పెళ్ళాం చేతిలో పెట్టాడు. అంజమ్మ మా గేట్లోనే ఆడవాళ్ళ బ్యాగులు చూసే గార్డు. ఫారం చాలక మరో మూడు కాగితాలు గుచ్చింది. నిలబడే కునుకు తీస్తాడు, ఉలిక్కిపడి ఖాళీ రోడ్డుకు సలాం కొడతాడు, మోకాళ్ళు వాచినా దవాఖానకు పోడు. మార్కులు ఒకటి. కింద తన సంతకమే పెట్టింది.

"అయ్యో ఐలయ్యా, కొంప మునిగింది కదా," అని పైకి అన్నాను. లోపల సంబరమే.

వారం తర్వాత ఉమాశ్రీ మేడం ఐలయ్య ఫారం పట్టుకుని గేటుకే వచ్చింది. "మనుషుల్ని ఇంత బాగా గమనించేవాళ్ళు ఇక్కడ ఇంకెవరూ లేరండి. సూపర్‌వైజరు అంజమ్మగారే!"

అంజమ్మ తన ఫారం నింపనే లేదు. మొగుడిది రాసేసరికే సరిపోయిందట.

"పోనీ తీ, కుర్చీ ఇంట్లకే వచ్చింది గద," అని ఐలయ్య నవ్వబోయాడు. సగంలోనే ఆపి మోకాళ్ళు రుద్దుకున్నాడు. నాకే జాలేసింది.

మర్నాడు అంజమ్మ కుర్చీ తుడిచి, మొగుణ్ణి భుజం పట్టి అందులో కూలేసింది.

"ఏందే, మేడం చూస్తే?"

"చూడనీ. నీ మోకాళ్ళ సోయి నీకు లేదు, నాకున్నది. జరసేపు కూసో."

ఐలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అంజమ్మ నా వైపు తిరిగింది.

"విశ్వేశ్వరరావన్నా, అంగీ గుండీలు ఎగుడుదిగుడు పెట్టుకున్నవ్, జర చూస్కో."

చూసుకున్నాను. నిజమే.