మా ఇంటి లావా దీపం, జేజినాయన మలబద్ధకం

చితికిపోయిన కుటుంబంలో చివరిదాకా మిగిలేది నిటారుగా నిలబెట్టుకున్న మెడ ఒక్కటేనని ఆ రోజుల్లోనే నాకు తెలిసొచ్చింది. ఆళ్లగడ్డ దగ్గరి పొలం, మిద్దె చేజారాక మేము నంద్యాలలో ఒక శెట్టిగారి ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకు దిగాం. అక్కడ కూడా మా జేజినాయన (మా నాయనకు నాయన) గంజి పెట్టని పంచె కట్టేవారు కాదు. డిగ్రీ చదువుతున్న నేను ఆయన మనవణ్ణే గనుక, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఎవరైనా కూర్చోమనేదాకా నిలబడే ఉండేవాణ్ణి. (ఎవరూ అనేవారు కాదు.)

శెట్టిగారి అమ్మాయికి హైదరాబాదు నుంచి ఎవరో లావా దీపం తెచ్చిచ్చారు. గాజుబుడ్డిలో రంగు ముద్దలు మెల్లగా పైకి లేచి, విడిపోయి, మళ్లీ కిందికి దిగుతుంటాయి. ఆ పిల్ల బడిలో దాని గొప్ప చెబుతుంటే, అదే తరగతిలో ఉన్న మా చెల్లెలు తొణక్కుండా, మా ఇంట్లో అంతకంటే పెద్దది ఉందనేసింది. ఆదివారం వచ్చి చూస్తానంది ఆ పిల్ల. ఇంటికొచ్చిన చెల్లెలు అన్నం ముట్టలేదు.

"నేనింక బడికి పోనన్నా. ఆ పాప అందరికీ చెప్తాది," అంది.

తిట్టాల్సింది పోయి, మా రక్తమేనని లోలోపల మురిసిపోయాను. కొనే స్తోమత లేదు కాబట్టి చేయాలి. ఫోన్‌లో వెతికితే విధానం దొరికింది. స్పిరిట్‌లో, ఎర్ర రంగు కలిపిన లిక్విడ్ పారఫిన్ అనే నూనె పోస్తే అడుక్కు దిగుతుంది. నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే, తేలాలా మునగాలా అని నూనె తటపటాయించే ఘడియ ఒకటి వస్తుంది. అప్పుడు కింద బల్బు వెలిగిస్తే వేడికి లేస్తుంది, పైన చల్లబడి దిగుతుంది.

ఆ నూనె విరేచనం కావడానికి తాగే మందని మాత్రం నాకు తెలియదు. పెద్ద సీసాలు అడిగేసరికి మందుల షాపాయన నన్ను తేరిపార చూశాడు.

"ఎవరికప్పా, అంత గట్టిగా ఉండాది?"

దీపానికని చెబితే మా ఇంట్లో దీపం లేదన్న సంగతి శెట్టిగారింటికి చేరుతుంది (ఆయన శెట్టిగారి బావమరిది). బిగుసుకుని నిలబడ్డాను. పెద్దాయనకా అన్నాడు. మా వంశంలో మౌనాన్ని హుందాతనం అంటారు. ఆయన దాన్ని అవునని అనుకున్నాడు.

మా వైపు ఒంట్లో బాగాలేని మనిషిని పలకరించకపోతే తప్పు. మరునాడే శెట్టిగారు బొప్పాయితో వచ్చారు. గోస్పాడు నుంచి మేనమామ అరటిపండ్లతో దిగాడు. జేజినాయనకు మొదట ఏమీ అర్థం కాలేదు. మూలన సీసాలతో కుస్తీ పడుతున్న నన్ను, పక్కనే ఊపిరి బిగబట్టిన చెల్లెల్ని చూశారు. బడిలో జరిగింది ఆయనకు ముందే తెలుసు.

"ఏంది పెద్దాయనా, ఎన్నాళ్ల నుంచి ఈ బాధ?" అన్నారు శెట్టిగారు.

నలుగురిలో తుమ్మడానికి కూడా ఇష్టపడని మనిషి మా జేజినాయన. పైపంచె సర్దుకున్నారు.

"శానా దినాలైందప్పా. మనవడు మందు తెచ్చినాడు, తాగుతాండా," అన్నారు, శిస్తు మాఫీ చేసే జమీందారులా.

ఆదివారం ఆ పిల్ల వచ్చింది. బల్బు వెలిగించాను. ఎంతసేపటికీ నూనె కదల్లేదు. చెల్లెలు నా చొక్కా అంచు పట్టుకుంది. జేజినాయన మంచం మీది నుంచే, పెద్ద దీపాలు బిరీన కదలవు పాపా, కూచో అన్నారు. ఆ పిల్ల కూర్చుంది. కాసేపటికి ఎర్రటి ముద్ద ఒకటి ఒళ్లు విరుచుకుని, మెడ సాగదీసి, తెగి పైకి లేచింది. వెనకే ఇంకొకటి. మాదానికంటే పెద్దదే, అని ఒప్పుకుంది ఆ పిల్ల. చెల్లెలు ఆ పూట మారు వడ్డించుకుని తింది.

అందరూ వెళ్లాక, ఎందుకు ఒప్పుకున్నావని జేజినాయనను అడిగాను. ఆయన దీపం మీది నుంచి చూపు తిప్పలేదు.

"పాప మాట పోకూడదు కదప్పా. నా కడుపుదేముండాది."

ఆ మాటకు ఇప్పుడు జవాబు చెప్పాలనుకున్నా వినడానికి ఆయన లేరు. ఉన్నా, ఇంత చిన్న సంగతి ఇంకా మోస్తాండావా అని కసురుకుని, అటు తిరిగి పడుకునేవారు.