మందివ్వని డాక్టరమ్మ

కొల్లేటి ఒడ్డున మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాకో పేరుండేది: మందివ్వని డాక్టరమ్మ. జలుబని వచ్చినవాళ్లకి యాంటీబయాటిక్ రాయనని ఆ బిరుదు. ఏలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఆ బస్సులోనే నా చెవిన పడేలా అనేవాళ్లు. ఒళ్లు మండేది. అయినా రాయలేదు. అంత మొండిదాన్ని.

ఆ వర్షాకాలం ఒక మామ్మగారు నాలుగేళ్ల మనవణ్ణి చంకనేసుకుని వచ్చారు. కొడుకులతో కలిసి చేపల చెరువు చూసుకునే మనిషి. మాట్లాడితే అవతలి గట్టుకి వినబడుతుంది. పిల్లాడికి ముక్కు కారుతోంది, కాస్త దగ్గు, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. గొంతు చూశాను, ఛాతీ విన్నాను, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. అంతా బాగానే ఉంది. జ్వరానికి సిరప్ ఇచ్చి, వట్టి జలుబేనండీ, దానంతటదే తగ్గుతుంది అన్నాను.

"అలాక్కాదండీ, పవరున్న మందు రాయండి. లేదంటే సూదైనా వేసెయ్యండి."

"మామ్మగారూ, తెగులు లేని చెరువులో మందు పోస్తారా?"

"పోసామండీ పోయినేడు. తీరా తెగులొచ్చాక అదే మందు పన్చెయ్యలేదు. చేపలన్నీ తేలిపోయాయి."

"మరి?"

"మరేంటండీ? చేపా, నా మనవడూ ఒకటేనా?"

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పిల్లాడి చొక్కా పైకెత్తి, ఆయాసమొస్తే డొక్కలు ఎలా లోపలికి పోతాయో చేత్తో చూపించాను. ఊపిరి వేగమైనా, డొక్కలెగరేసినా, తాగడం మానేసినా ఆ క్షణమే తీసుకురమ్మన్నాను. ఆవిడ సీసా సంచిలో పడేసుకుని వెళ్లిపోయారు.

మూడోరోజు పొద్దున్న నేను బస్సు దిగేసరికి మనవడితో గేటు దగ్గరున్నారు.

"డొక్కలెగరేత్తున్నాడండీ. రాత్రి లేదు, ఇప్పుడే మొదలైంది."

అక్కడే వాడి చొక్కా పైకెత్తాను. చూస్తే నిజమే, న్యుమోనియా. ఆక్సీమీటరులో అంకె మాత్రం బాగుంది, పాలు తాగుతున్నాడు. యాంటీబయాటిక్ మాత్ర చెంచాలో కరిగించి నా చేత్తోనే పట్టాను. పొద్దంతా కళ్లెదుటే ఉంచుకున్నాను. మొన్ననే ఇచ్చుంటే? జలుబుకి ముందుగా ఇచ్చినంత మాత్రాన న్యుమోనియా ఆగదని నాకు తెలుసు. తెలిసినా ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా వాడి ఊపిరే లెక్కపెడుతూ కూర్చున్నాను.

రెండు రోజులకి ఆయాసం తగ్గింది. పిల్లాడు నా స్టెతస్కోపు లాక్కుని ఇవ్వనని పేచీ పెట్టాడు. అప్పుడడిగాను.

"నామీద కోపం రాలేదా మామ్మగారూ?"

"రాకేమండీ! ఆ రోజు ఇంటికెళ్లేదాకా మిమ్మల్ని తిడతానే ఉన్నా. కానీ ఊరికే వద్దన్లేదు కదండీ, చూసి వద్దన్నారు. అందుకే నేనూ గంటగంటకీ చొక్కా ఎత్తి చూశా."

జబ్బుని ముందు పట్టుకున్నది ఆవిడే. నేర్పింది నేను. గర్వపడనా మరి?